దక్షిణ నాయకుడి నుంచి పరస్పర సమ్మతి వరకు: కొరియా వయోజన లఘు చిత్రకథల్లో బహుప్రణయ చరిత్ర

వ్యాససంగ్రహం

ఒకరికంటే ఎక్కువమందితో, సంబంధితులందరికీ తెలిసి, అందరి అంగీకారంతో సాగే ప్రేమను ఈ వ్యాసం ‘బహుప్రణయం’ అంటుంది. దక్షిణ కొరియాలో వయోజనుల కోసం వెలువడే లఘు చిత్రకథల్లో ఈ వస్తువు నేడు గుర్తించదగిన చోటు సంపాదించుకుంది. పలువురిని ప్రేమించే నాయకుడు కొరియా కథనానికి కొత్తవాడు కాడు. కొత్తగా వచ్చింది సమ్మతి. చాలాకాలం పాటు ఇటువంటి కథలు కలలోనో, పరదేశంలోనో, రాతియుగంలోనో జరిగేవి. అవి వర్తమాన నగరంలోకి, అద్దె గదిలోకి రావడానికి ముందస్తు తనిఖీ, వివాహేతర సంబంధ శిక్ష, కుటుంబ యజమాని వ్యవస్థ అనే మూడు కట్టడులు ఒక్కొక్కటిగా సడలవలసి వచ్చింది. ఆ సడలింపుల క్రమాన్నీ, లఘురూపం ఈ వస్తువుకు ఇచ్చిన స్వేచ్ఛనూ, దాని పరిమితినీ వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: మాన్హ్వా, వెబ్‌టూన్, బహుప్రణయం, సమ్మతి, సెన్సార్, వివాహేతర సంబంధ చట్టం, హోజు, దక్షిణ నాయకుడు.

1. ఉపోద్ఘాతం

కొరియా భాషలో కామిక్స్‌ను ‘మాన్హ్వా’ అంటారు. వయోజనులకు ఉద్దేశించినవి ‘సొంగిన్ మాన్హ్వా’. ఒకటి రెండు భాగాల్లో ముగిసే లఘుకథ ‘దాన్‌ప్యోన్’. బహుప్రణయానికి ఆ భాషలో ‘దాజా యొనె’ అనే మాట ఉంది. పలువురి మధ్య ప్రేమ అని దాని అర్థం. దాని ముందు ‘బిదోక్‌జోమ్’ అనే విశేషణాన్ని చేర్చడం కూడా వాడుకలో ఉంది. ‘దోక్‌జోమ్’ అంటే గుత్తాధిపత్యం. అది లేనిది ‘బిదోక్‌జోమ్’. వాణిజ్య పరిభాషకు చెందిన మాట ప్రేమకు విశేషణం కావడం గమనించదగినది. వ్యక్తుల సంఖ్య కన్నా, ఒకరిపై మరొకరికి సంపూర్ణ హక్కు ఉందా లేదా అన్నదే ఈ ప్రేమను నిర్ణయిస్తుందని ఆ పదం చెబుతోంది.

ఈ భేదాన్ని స్పష్టం చేయడానికి భారతీయ అలంకారశాస్త్రం ఉపకరిస్తుంది. విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’తో సహా లక్షణగ్రంథాలు శృంగార నాయకులను అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని నాలుగు విధాలుగా చెప్పాయి. ఒక్కరినే ప్రేమించేవాడు అనుకూలుడు. అనేక నాయికల యందు సమానమైన అనురాగం చూపేవాడు దక్షిణుడు. తప్పు చేసి జంకనివాడు ధృష్టుడు, రహస్యంగా అప్రియం చేసేవాడు శఠుడు. స్వాధీనపతిక మొదలైన అష్టవిధ నాయికల అవస్థలన్నీ మాత్రం ఒకే నాయకుణ్ణి కేంద్రంగా చేసుకొన్నవే. ‘దక్షిణ నాయిక’ అనే విభాగం శాస్త్రంలో లేదు. దక్షిణుని సమానానురాగం అతని సుగుణమే గాని, నాయికలతో కుదిరిన ఒడంబడిక కాదు. కొరియా చిత్రకథ ఈ స్థితి నుంచి ఒడంబడిక వైపు ఎలా నడిచిందన్నది ఇక్కడి ప్రశ్న.

2. కలలో ఎనిమిదిమంది: ‘కుఉన్మోంగ్’ వారసత్వం

17వ శతాబ్ది చివర కిమ్ మాన్-జుంగ్ రచించిన ‘కుఉన్మోంగ్’ కొరియా గద్యకథల్లో సుప్రసిద్ధం. సొంగ్-జిన్ అనే యువ బౌద్ధ భిక్షువు కలలో యాంగ్ సో-యుగా పుట్టి, ఎనిమిదిమంది స్త్రీలను ప్రేమించి, వారందరితో కలిసి వైభవంగా జీవించి, చివరకు మేల్కొని అదంతా మాయ అని గ్రహిస్తాడు. ఇద్దరు ప్రధాన భార్యలు, ఆరుగురు ఉపపత్నులు. వారిలో కలహం లేదు. వారు అక్కచెల్లెళ్లుగా ప్రమాణం చేసుకుంటారు. కథ జరిగేది కొరియాలో కాదు, తాంగ్ వంశ కాలపు చైనాలో.

ఈ సామరస్యాన్ని నాటి చట్టం వెలుగులో చదవాలి. చొసొన్ రాజ్యం 1413లో, భార్య ఉండగా మరొకరిని భార్యగా స్వీకరించడాన్ని నిషేధించింది. ఫలితంగా బహుభార్యత్వం పోలేదు. రెండవ స్త్రీ భార్య హోదా కోల్పోయి ఉపపత్ని అయింది. ఆమె కొడుకులు ఉన్నతోద్యోగాలకు దారితీసే పరీక్షలకు అనర్హులయ్యారు. భార్యను వెళ్లగొట్టడానికి కన్‌ఫ్యూషియన్ సంప్రదాయం అనుమతించిన ఏడు కారణాల్లో అసూయ ఒకటి. అసూయపడితే ఇల్లు కోల్పోయే స్త్రీ అసూయపడలేదంటే దానిని సమ్మతిగా లెక్కించడం కష్టం. యాంగ్ సో-యు సంపూర్ణ దక్షిణ నాయకుడు. అతని ఇంటి శాంతికి పునాది శిక్షాభయమున్న సమాజం.

‘కుఉన్మోంగ్’ తర్వాతి కథలకు రెండు విషయాలను వదిలివెళ్లింది. ఒకటి, ఒక పురుషుడూ పలువురు స్త్రీలూ అనే అమరిక. రెండవది స్థానాంతరం, అంటే అనుమతి లేని ప్రేమను మరో కాలానికీ మరో చోటుకీ తరలించి చెప్పే పద్ధతి. కల, పరదేశం అనే రెండు తెరల వెనుక చెప్పిన కథను ఎవరూ తమ ఇంటి మీదికి తెచ్చుకోనక్కరలేదు. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకథ ఈ పద్ధతినే మరో రూపంలో కొనసాగించింది.

3. శిక్షాస్మృతి, కుటుంబ పట్టిక

వలసపాలన ముగిసి గణతంత్రం ఏర్పడ్డాక, 1953 నాటి శిక్షాస్మృతిలోని 241వ అధికరణం వివాహేతర సంబంధాన్ని రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించదగిన నేరంగా నిర్ణయించింది. అంతకుముందు భార్య, ఆమెతో సంబంధం గల పురుషుడు మాత్రమే శిక్షార్హులు. కొత్త చట్టం భర్తను కూడా చేర్చింది. ఆ మేరకు అది సమానత్వం దిశగా వేసిన అడుగే.

ఆ అధికరణం నిర్మాణంలో రెండు అంశాలు ఈ చర్చకు ముఖ్యమైనవి. ఫిర్యాదు చేయగలిగేది జీవిత భాగస్వామి మాత్రమే. అదైనా వివాహం రద్దయ్యాక, లేదా విడాకుల దావా వేశాక. కాపురం నిలుపుకోవాలనుకునేవారికి ఆ చట్టం ఉపయోగపడదు. రెండవది, భాగస్వామి ఆ సంబంధాన్ని ప్రోత్సహించినా, క్షమించినా ఫిర్యాదు హక్కు పోతుంది. అంటే శిక్షాస్మృతి లోపలే సమ్మతికి ఒక చోటు ఉంది. ముగ్గురూ అంగీకరిస్తే నేరం శిక్ష దాకా వెళ్లదు.

భారతీయ పాఠకులకు ఈ నిర్మాణం అపరిచితం కాదు. భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ కూడా సమ్మతిని గుర్తించింది, అయితే భర్త సమ్మతిని మాత్రమే. భార్య అభిప్రాయానికి అందులో విలువ లేదు. 2018 సెప్టెంబర్ 27న ఆ సెక్షన్‌ను కొట్టివేసిన సుప్రీంకోర్టు తీర్పు, ఇతర దేశాల పరిణామాలను సమీక్షిస్తూ కొరియా తీర్పును కూడా ప్రస్తావించింది.

శిక్షాస్మృతి కన్నా లోతుగా పనిచేసింది పౌరస్మృతి. 1960లో అమలులోకి వచ్చిన పౌరస్మృతి ప్రకారం ప్రతి కుటుంబానికీ ఒక యజమాని, అంటే ‘హోజు’, ఉండాలి. ఆ స్థానం ప్రధానంగా తండ్రి నుంచి కొడుక్కు సంక్రమిస్తుంది. పెళ్లైన స్త్రీ భర్త కుటుంబ పట్టికలోకి మారుతుంది. పిల్లలు తండ్రి పట్టికలో చేరతారు. ఇద్దరు స్త్రీలతో జీవించే పురుషుని కథలో ఆ పట్టిక చెదరదు. ఇద్దరు పురుషులతో జీవించే స్త్రీ కథలో, పుట్టిన బిడ్డను ఏ పట్టికలో రాయాలన్న ప్రశ్న దగ్గరే కథ ఆగిపోతుంది. దక్షిణ నాయిక లేకపోవడానికి కొరియాలో అలంకారశాస్త్రం కారణం కాదు, పట్టిక కారణం.

4. రాతియుగంలో నవ్వు: వారపత్రికల కాలం

1960ల నుంచి కొరియాలో చిత్రకథలు ముందస్తు తనిఖీకి లోబడ్డాయి. అద్దెకు పుస్తకాలిచ్చే ‘మాన్హ్వాబాంగ్’ దుకాణాలకు వెళ్లే ప్రతి పుస్తకమూ పిల్లల పుస్తకమే అన్న భావన ఆ తనిఖీకి మూలం. అందువల్ల వయోజన చిత్రకథ పుస్తకంగా కాక, పెద్దలు చదివే పత్రికల్లో పుట్టింది. 1968లో మొదలైన ‘సండే సియోల్’ వారపత్రిక, క్రీడాదినపత్రిక ‘ఇల్గాన్ స్పోర్ట్స్’ ఇందుకు వేదికలయ్యాయి.

1972లో ‘ఇల్గాన్ స్పోర్ట్స్’లో గో వూ-యంగ్ ‘ఇమ్ క్కొక్-జొంగ్’ ధారావాహికను ప్రారంభించాడు. తర్వాత చైనా ప్రాచీన కథలను తనదైన హాస్యంతో చిత్రించాడు. ‘సుహోజి’లో భర్తను వంచించే బాన్ గుమ్-ర్యోన్ పాత్ర పాఠకాదరణ పొందింది. మూలకథను అనుసరించి ఆమెకు దక్కేది మరణం. పురుషుని బహుప్రేమకు వైభవం, స్త్రీ బహుప్రేమకు కత్తి అన్న పాత లెక్క మారలేదు. అదైనా పరదేశపు ప్రాచీన కథ అన్న తెర వెనుకే సాధ్యమైంది. ఆ తెర కూడా అన్నివేళలా కాపాడలేదు. గో వూ-యంగ్ ‘సాంగుక్‌జి’ 1970ల చివర పుస్తకంగా వచ్చినప్పుడు తనిఖీలో అనేక పుటలు కోతకు గురయ్యాయి. పూర్తి పాఠం పాఠకులకు చేరింది 2002లోనే.

స్థానాంతర పద్ధతిని ఇంకా వెనక్కి తీసుకుపోయినవాడు పార్క్ సూ-డాంగ్. 1974లో ‘సండే సియోల్’లో మొదలైన అతని ‘గోఇందోల్’ లఘు హాస్యచిత్రకథ. ఆ మాటకు ప్రాచీన సమాధిపై నిలిపిన పెద్దరాయి అని అర్థం. పాత్రలు రాతియుగపు స్త్రీపురుషులు. ప్రతి కథా కొద్ది గడుల్లో ముగుస్తుంది. కామం అక్కడ పాపం కాదు, నవ్వుకు వస్తువు. రాతియుగానికి కుటుంబ పట్టిక లేదు, 241వ అధికరణం లేదు, యుషిన్ రాజ్యాంగం లేదు. వంకర గీతలతో, దాదాపు పిల్లల బొమ్మల్లా వేసిన శరీరాలు తనిఖీదారుకు ప్రమాదకరంగా కనిపించలేదు.

లఘురూపం విలువ ఇక్కడే మొదట తెలిసింది. దీర్ఘకథ పాత్రలను ఫలితం దాకా తీసుకుపోవాలి. ఫలితమంటే నాటి నీతి ప్రకారం శిక్ష. కొద్ది గడుల కథ నవ్వు దగ్గర ఆగిపోవచ్చు. మరుసటి వారం పాత్రలు ఏమీ జరగనట్టు మళ్లీ కనిపిస్తాయి. అయితే ‘గోఇందోల్’ను బహుప్రణయ కథ అనడం సరికాదు. వివాహం గట్టిపడని లోకంలో సమ్మతి అడగవలసిన అవసరం రాదు. అడగడం, ఆలోచించడం, ఒప్పుకోవడం, కాదనడం అనే సన్నివేశాలు లేనంతవరకు అది స్వేచ్ఛ గురించిన కలే గాని ఒడంబడిక కాదు.

5. 1997: పురాణం మీద అభియోగం

1987 తర్వాత ప్రజాస్వామ్యం బలపడుతున్నకొద్దీ వయోజన చిత్రకథా పత్రికలు పెరిగాయి. స్త్రీలు స్త్రీల కోసం గీసే ‘సున్‌జొంగ్ మాన్హ్వా’ 1990లలో వికసించింది. ప్రేమను చూసే కన్ను స్త్రీది కావడం ఈ శాఖ తెచ్చిన మార్పు. దక్షిణ నాయిక తర్వాత ఇక్కడి నుంచే పుడుతుంది.

1997 జూలైలో యువజన రక్షణ చట్టం అమలులోకి వచ్చింది. నిర్ణీత వయసులోపువారికి అమ్మరాని పుస్తకాలను గుర్తించి, ముద్ర వేసి, వేరుచేయడం ఈ చట్టం పద్ధతి. సూత్రరీత్యా అది ముందస్తు తనిఖీకి భిన్నం. వయోజన చిత్రకథ అనే వర్గం ఉందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. ఆచరణలో మాత్రం అదే ఏడాది చిత్రకథల మీద విస్తృతంగా దర్యాప్తులు జరిగాయి. ప్రసిద్ధ చిత్రకారుడు లీ హ్యున్-సే ‘చొన్‌గుక్-ఉయ్ సిన్‌హ్వా’ వాటిలో చిక్కింది. కొరియా జాతి ఆవిర్భావాన్ని పురాణగాథగా చెప్పాలన్న బృహత్ ప్రయత్నం అది. వివాహం పుట్టకముందరి ఆదిమ సమూహాల లైంగికతను చూపిన దృశ్యాలు అభియోగానికి ఆధారమయ్యాయి.

‘గోఇందోల్’కు రక్షణ ఇచ్చిన ఆదిమకాలపు తెర ఈ రచనను కాపాడలేదు. హాస్యరేఖల్లో వేసిన రాతియుగం వినోదం. గంభీరమైన వాస్తవిక రేఖల్లో వేసిన ఆదిమయుగం చరిత్ర గురించిన ప్రతిపాదన. ఏకవివాహం అనాది కాదనీ, ఒకప్పుడు మనుషులు మరోలా బతికారనీ చెప్పడమే అది. జాతిమూలానికి ఆ వాక్యాన్ని అతికించడం నవ్వి వదిలేసే విషయం కాలేదు.

2000లో మొదటి కోర్టు లీ హ్యున్-సేకు 30 లక్షల వాన్‌ల జరిమానా విధించింది. 2001లో పై కోర్టు నిర్దోషిగా తీర్పు చెప్పింది. 2002 ఫిబ్రవరి 28న రాజ్యాంగ న్యాయస్థానం, పాత మైనర్ల రక్షణ చట్టంలోని ‘చెడు చిత్రకథ’ నిబంధన అస్పష్టమైనదని కొట్టివేసింది. 2003 జనవరిలో సుప్రీంకోర్టు ఆయనను నిర్దోషిగా ఖరారు చేసింది. చిత్రకారుడు గెలిచాడు; గెలుపు దాకా దాదాపు ఆరేళ్లు పట్టింది. ‘చెడు’ అన్న మాటకు నిర్వచనం లేకుండా శిక్షించరాదని తేలడం ఈ కేసు వదిలిన శాశ్వత ఫలితం.

6. వర్తమానంలోకి: ఒక నవల, ఒక సంస్కరణ

ఈ వస్తువును కల, పరదేశం, పురాణం అనే తెరలేవీ లేకుండా సమకాలీన సియోల్‌లో నిలబెట్టింది చిత్రకథ కాదు, నవల. పార్క్ హ్యున్-ఊక్ 2006 నాటి ‘ఆనెగా క్యొల్హోన్‌హెత్త’కు ‘నా భార్య పెళ్లి చేసుకుంది’ అని అర్థం. సెగ్యే సాహిత్య పురస్కారం పొందిన ఈ నవల 2008లో సినిమాగా వచ్చింది. కథకుడి భార్య మరొకరిని ప్రేమిస్తుంది. దాచదు. విడాకులు అడగదు. మొదటి భర్తను వదలకుండానే రెండవ పెళ్లి చేసుకుంటానంటుంది. అతను కోపగిస్తాడు, వాదిస్తాడు, చివరకు వదులుకోలేక ఒప్పుకుంటాడు.

నవల రచనాకాలంలో 241వ అధికరణం అమలులో ఉంది. ఆ భర్త ముందున్న చట్టబద్ధమైన దారి ఒక్కటే: విడాకుల దావా వేసి ఫిర్యాదు చేయడం. కాని అతను కోరుకున్నది ఆమెను శిక్షించడం కాదు, ఆమెతో ఉండటం. చట్టం ఇచ్చే ఆయుధం అతని కోరికనే నరుకుతుంది. శిక్షాస్మృతిలోని ఆ ఖాళీనే నవల ఇతివృత్తంగా మార్చుకుంది. అతని సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛాయుతమన్న ప్రశ్నను కూడా అది దాటవేయలేదు. ఎనిమిదిమంది స్త్రీల అసూయారాహిత్యాన్ని ఎవరూ ప్రశ్నించని సాహిత్యంలో, ఒక పురుషుడు అదే స్థితిలో నిలబడగానే అది సమస్యగా కనిపించింది. పాత అమరిక తలకిందులైనప్పుడే దాని అన్యాయం తెలిసింది.

ఈలోగా పట్టిక కూడా కదిలింది. హోజు వ్యవస్థ రాజ్యాంగ విరుద్ధమని 2005 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. మరుసటి నెలలో పార్లమెంటు దాన్ని తొలగించే సవరణను ఆమోదించింది. 2008 జనవరి 1 నుంచి కుటుంబ యజమాని పేరిట ఉండే పట్టిక స్థానంలో వ్యక్తికొక నమోదు వచ్చింది. దీనితో బహుభాగస్వామ్య కుటుంబానికి గుర్తింపు రాలేదు. వివాహితులు మరో వివాహం చేసుకోవడాన్ని పౌరస్మృతి 810వ అధికరణం నిషేధిస్తూనే ఉంది. కాని కుటుంబమంటే ఒక పురుషుని పేరు కింద రాసిన జాబితా అన్న నిర్వచనం పోయింది.

7. 2015: నెల తేడాలో రెండు నిర్ణయాలు

2000ల ఆరంభంలో దౌమ్, నేవర్ సంస్థలు తెరపై నిలువుగా జరుపుతూ చదివే వెబ్‌టూన్‌ను జనాదరణ గల రూపంగా మార్చాయి. 2013లో వచ్చిన లెజిన్ కామిక్స్, వయసు ధ్రువీకరించుకున్న పాఠకులు డబ్బు చెల్లించి చదివే వయోజన వెబ్‌టూన్‌కు మార్కెట్ ఏర్పరిచింది. దుకాణంలో పుస్తకం అందరి కంటా పడుతుంది. ఫోన్‌లో ధ్రువీకరణ తర్వాత తెరుచుకునే కథ ఒక్కరికే కనిపిస్తుంది. సంప్రదాయ శృంగారకథతో పాటు, పత్రికల్లో చోటు దొరకని ప్రేమలకు కూడా ఈ ఏకాంతం ఉపకరించింది.

2015 ఫిబ్రవరి 26న రాజ్యాంగ న్యాయస్థానం 7-2 ఆధిక్యంతో 241వ అధికరణాన్ని కొట్టివేసింది. 1990, 1993, 2001, 2008లలో నాలుగుసార్లు నిలబడ్డ నిబంధన ఐదవసారి కూలింది. లైంగిక నిర్ణయాధికారం వ్యక్తిదనీ, కాపురాన్ని శిక్షతో నిలబెట్టలేమనీ అన్నది తీర్పు సారాంశం. సరిగ్గా తర్వాతి నెలలో, ప్రసార సమాచార ప్రమాణాల సంఘం అశ్లీలత కారణంగా లెజిన్ కామిక్స్ వెబ్‌సైటును నిలిపివేయించింది. తీవ్ర విమర్శలు రావడంతో మరునాడే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన ఉంచి చూడాలి. ఒకే వసంతంలో, ఒక రాజ్యాంగ సంస్థ వయోజనుల పడకగది నుంచి వైదొలగింది. మరో సంస్థ వారి ఫోన్‌లోకి ప్రవేశించబోయి వెనుదిరిగింది. చేయడం నేరం కాకుండా పోయినదాన్ని గీయడం నిషిద్ధంగా ఉంచడం ఇక కష్టమని అది సూచించింది.

8. లఘురూపపు శిల్పం: గడి, పిలుపు, ముగింపు

ఈ నేపథ్యంలో వయోజన లఘు వెబ్‌టూన్లలో కనిపించే బహుప్రణయాన్ని మూడు అంశాల ద్వారా పరిశీలించవచ్చు.

మొదటిది గడి. ముద్రిత పుటలో ముగ్గురూ ఒకేసారి కంటికి కనిపిస్తారు. నిలువు తెరలో గడి తర్వాత గడి పైకి జరుగుతుంది. మూడో మనిషి ముఖం పాఠకుడి వేలు కదిలితేనే కనిపిస్తుంది. వంచన కథకు ఇది సహజంగా అమరే సాధనం: తలుపు తెరుచుకోవడం, మూడో ముఖం బయటపడటం. బహుప్రణయ కథ అదే సాధనాన్ని తిప్పి వాడుకోగలదు. రహస్యం బయటపడే చోట మాట మొదలవుతుంది. ఒకరు చెబుతారు, తెల్లటి ఖాళీ జరుగుతుంది, మరొకరు జవాబిస్తారు. ఆ ఖాళీ ఎంత పొడవుంటే నిర్ణయం అంత బరువుగా అనిపిస్తుంది. శృంగార దృశ్యం కన్నా ఈ సంభాషణే బహుప్రణయ కథను సాధారణ వయోజన కథ నుంచి వేరుచేస్తుంది.

రెండవది పిలుపు. కొరియా భాషలో తమకన్నా పెద్దవారిని పేరు పెట్టి పిలవడం అరుదు. వయసు, స్థానం తేలకుండా సంభాషణ సాగదు. తమ్ముడు అన్నను ‘హ్యోంగ్’ అంటాడు. చెల్లెలు అన్నను ‘ఓప్పా’ అంటుంది, ప్రియుణ్ణి కూడా అదే పిలుపుతో పిలుస్తుంది. దంపతులు ‘యొబో’ అనుకుంటారు. ఒక స్త్రీ ఇద్దరిని ప్రేమిస్తే ‘యొబో’ ఎవరు? ఆ ఇద్దరిలో చిన్నవాడు పెద్దవాణ్ణి ‘హ్యోంగ్’ అన్న క్షణంలో ప్రత్యర్థి కుటుంబసభ్యుడవుతాడు, అదే క్షణంలో ఒక మెట్టు కిందకూ దిగుతాడు. సమానత్వం కోరి కలిసిన ముగ్గురిలో భాష తనకు తానే తరతమాలు ఏర్పరుస్తుంది. సవతులు ‘అక్కా’, ‘చెల్లీ’ అని పిలుచుకునే కథలు తెలిసిన తెలుగు పాఠకులకు ఈ చిక్కు సులభంగా బోధపడుతుంది. అనువాదంలో ముందుగా జారిపోయేది కూడా ఇదే.

మూడవది ముగింపు. దీర్ఘ ధారావాహికలో ముక్కోణ ప్రేమ ఒక ఆర్థిక యంత్రం. నాయిక ఎవరిని ఎంచుకుంటుందన్న ప్రశ్నను వాయిదా వేసినంతకాలం పాఠకుడు తర్వాతి భాగానికి డబ్బు చెల్లిస్తాడు. చివరకు ఎంపిక జరిగి తీరాలి, ఓడినవాడు తప్పుకోవాలి. లఘుకథకు వాయిదా వల్ల లాభం లేదు. అందువల్ల ఎంచుకోవడానికే నిరాకరించే స్వేచ్ఛ దానికుంది. ‘ఎవరో ఒకరు’ అన్న ప్రశ్నకు ‘ఇద్దరూ’ అన్న జవాబు ధారావాహికకు మరణం, లఘుకథకు మాత్రం ముగింపు. బహుప్రణయం లఘురూపంలో ఇమడటానికి ప్రధాన కారణం ఇదే.

9. పరిమితులు

ఈ పరిణామాన్ని సరళమైన ప్రగతికథగా చదవడం పొరపాటు. వయోజన వెబ్‌టూన్ మార్కెట్‌లో ఒక పురుషుని చుట్టూ పలువురు స్త్రీలు తిరిగే ‘హారెం’ అమరిక బలంగానే ఉంది. యాంగ్ సో-యు కల ఇప్పుడు చెల్లింపు మీద దొరుకుతోంది. స్త్రీ పాఠకుల కోసం దానికి ప్రతిగా ‘యొక్‌హారెం’, అంటే తిరగేసిన హారెం, వచ్చింది. పురుషుల మధ్య ప్రేమను చెప్పే శాఖలో అనేకమంది ఒకరిని కోరే అమరికకు ‘దాగోంగ్ ఇల్సు’ అనే ప్రత్యేక నామం ఏర్పడింది. ఈ పేర్లన్నీ లెక్కను చెబుతాయి: ఒకరు ఎటువైపు, పలువురు ఎటువైపు అని. ఎవరికి ఏమి తెలుసు, ఎవరు దేనికి ఒప్పుకున్నారు అన్నది వాటిలో లేదు. దక్షిణ నాయకుని స్థానంలో దక్షిణ నాయిక వచ్చినంత మాత్రాన ఒడంబడిక ఏర్పడదు. కథ బహుప్రణయం అవునా కాదా అన్నది పాత్రల సంఖ్య మీద కాక, ‘వద్దు’ అనగల అవకాశం ప్రతి పాత్రకూ ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది.

రెండవ పరిమితి లఘురూపానిదే. దాని ముగింపు సమ్మతి కుదిరిన రాత్రి. ఆ తర్వాతి జీవితం, అంటే అద్దె ఒప్పందంపై ఎవరి సంతకం, ఆసుపత్రిలో ఎవరు బంధువు, బిడ్డ నమోదులో తండ్రి ఎవరు అన్నవి దాని పరిధికి ఆవల ఉండిపోతాయి. ఎంచుకోకుండా ముగించగల స్వేచ్ఛను ఇచ్చిన కురచదనమే, ఎంచుకోకపోవడానికి చెల్లించవలసిన మూల్యాన్ని చూపకుండా కాపాడుతుంది.

చట్టం కూడా అక్కడే ఆగి ఉంది. వివాహం వెలుపల కలిసి జీవించేవారికి హక్కులు కల్పించాలంటూ 2023 ఏప్రిల్‌లో కొరియా పార్లమెంటులో జీవన సహచర బిల్లు ప్రవేశపెట్టారు. రక్తసంబంధం, వివాహం అనే రెండు పునాదులను దాటి కుటుంబాన్ని ఊహించిన ప్రయత్నం అది. అయినా ఆ బిల్లు ఊహించిన సహచరులు ఇద్దరే. మూడో మనిషికి శిక్ష పోయింది. పేరు ఇంకా రాలేదు.

10. ముగింపు

‘కుఉన్మోంగ్’లో ఎనిమిదిమంది స్త్రీల ప్రేమ కల. ‘గోఇందోల్’లో కట్టుబాట్లు లేని కామం రాతియుగపు నవ్వు. ‘చొన్‌గుక్-ఉయ్ సిన్‌హ్వా’లో అది పురాణం, ఆపై కోర్టు కేసు. 2006 నాటి నవలతో అది ఒక సియోల్ దంపతుల సమస్య అయింది. 2015 తర్వాత అది ఫోన్ తెరపై ఇద్దరో ముగ్గురో మాట్లాడుకునే సన్నివేశం. ఈ క్రమంలో తగ్గుతూ వచ్చింది పాఠకుడికీ కథకూ మధ్య దూరం. పెరుగుతూ వచ్చింది పాత్రల మధ్య సంభాషణ. తనిఖీ, శిక్ష, పట్టిక అనే మూడింటిలో ఒక్కొక్కటి తొలగినప్పుడల్లా కథ ఒక తెరను వదిలి వర్తమానానికి దగ్గరైంది.

వయోజన చిత్రకథను అశ్లీలతా చర్చకు మాత్రమే పరిమితం చేస్తే ఈ చరిత్ర కనిపించదు. ఒక సమాజంలో ఎవరు ఎవరిని అడగకుండా ప్రేమించవచ్చు, ఎవరు అడిగి తీరాలి, ఎవరికి కాదనే హక్కు ఉంది అన్న ప్రశ్నలకు ఈ లఘుకథలు సాక్ష్యం. కథలో సమ్మతి తెలిపిన మూడో వ్యక్తికి కుటుంబ నమోదులో చోటు లేదన్న వాస్తవం ఆ సాక్ష్యంలో ముఖ్యభాగం. ఊహకూ పట్టికకూ మధ్య మిగిలి ఉన్న ఈ దూరాన్ని కొలవడానికి లఘు చిత్రకథ చరిత్రకారునికి పనికివచ్చే సాధనం.